పేగు ముడి

"డబ్బా ఏదే?"

మేడ మీద గది గుమ్మంలో నిలబడి ఆర్సేనియా మళ్ళీ అడిగింది. అంతిపోలో ఊరి మేరీమాత దర్శనానికి వెళ్ళొచ్చిన మనిషి ఇంకా కాళ్ళకున్న చెప్పులైనా విప్పలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు పంచడానికి తెచ్చిన జీడిపప్పు పొట్లాలు చంకలోనే ఉన్నాయి.

కిటికీ రెక్కలు తుడుస్తున్న కూతురు లూర్దెస్ వెనక్కి తిరక్కుండానే, ఏ డబ్బా అని అడిగింది. నిన్నటిదాకా ఆ గదిలో ఉన్నన్ని డబ్బాలు మరికినా ఊరి బజారు మొత్తం వెతికినా దొరకవు. జిగురు డబ్బాలు, ఐస్‌క్రీం తిని కడిగి దాచినవి, మూతలు పోయినవి, డబ్బాలు పోయి మూతలు మిగిలినవి. ఏ డబ్బా అంటే ఆమె మాత్రం ఏం చెబుతుంది?

"బొడ్డుపేగుల డబ్బా," అంది తల్లి.

లూర్దెస్ చెయ్యి ఆగిపోయింది.

ఆ ఊళ్ళో పిల్లల్ని కన్న ప్రతి తల్లీ చేసే పనే అది. పుట్టిన బిడ్డకు బొడ్డు ఎండి ఊడిపోగానే ఆ ముక్కను పారెయ్యరు. గుడ్డలో చుట్టి దాస్తారు. తర్వాత పుట్టిన వాళ్ళది కూడా దానికే చేర్చి ఒకే దారంతో ముడేస్తారు. ఆ ముడి ఉన్నంతకాలం తోడబుట్టినవాళ్ళు కొట్టుకున్నా తిట్టుకున్నా విడిపోరని నమ్మకం. ఆర్సేనియా తన బిడ్డలవి బిస్కెట్ల డబ్బాలో దాచింది. సూదులూ దారాలూ బొత్తాలూ దాచింది కూడా అచ్చం అలాంటి బిస్కెట్ల డబ్బాల్లోనే. తుప్పు పట్టిన సూదుల డబ్బాలన్నీ కట్టగట్టి గోనెలో వేసేటప్పుడు లూర్దెస్ ఒక్కదాని మూతైనా తీసి చూడలేదు.

"చూడకుండా పారేశావా?"



ఆర్సేనియా పొట్లాలు నేలకేసి కొట్టింది. జీడిపప్పులు తళతళలాడుతున్న నేల మీద గోడ వరకూ దొర్లాయి. ఆ గది నేల రంగు ఏమిటో ఆ ఇంట్లో వాళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో. తల్లి ఆ నేలను కూడా తిట్టింది. ఇల్లు ఊడ్చావా, నా కడుపు ఊడ్చావా అని అడిగింది. దేవుడి దగ్గరికి పోయి వచ్చేలోగా ఇంట్లో దొంగలు పడ్డా ఇంత నష్టం చెయ్యరంది. నాకు చెప్పకుండా, నేను లేనప్పుడు చూసి చేశావంటే నీ మనసులో ఏముందో నాకు తెలియదా అంది.

ఆ చివరి మాటలో నిజముంది. తల్లి ఊళ్ళో లేని రోజులు చూసుకునే లూర్దెస్ గది ఖాళీ చేసింది. అడిగి చెయ్యాలంటే ఈ జన్మకు కాదు. ఒక్కో వస్తువుకూ ఒక్కో కథ చెప్పి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, తీసిన చోటే మళ్ళీ పెట్టించేది ఆవిడ. విరిగిన పంకా ఉంటే మీ నాన్న కొన్నాడనేది. ఖాళీ సీసా ఉంటే ఎప్పుడో పనికొస్తుందనేది.

ఇల్లు సర్దుకోవడం చాలామందికి పండగ ముందు పని. లూర్దెస్‌కి ఇది ప్రాణం మీదికొచ్చిన పని. పోయిన ఏడు ఏరు పొంగి కింది గది మునిగినప్పుడు మేడ మీదికి పోదామంటే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. తల్లీకూతుళ్ళు మెట్ల మీదే కూర్చుని, నీళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కి రావడం చూశారు. పడవ వాళ్ళు వచ్చినా కిటికీలోంచి దిగే దారి లేదు. కిటికీకి అడ్డంగా చెల్లెలి పెళ్ళి కానుకల పెట్టెలు, వాటి ముందు అన్న బూట్ల దుకాణం చెక్క పాదాల బస్తాలు. ఆఖరికి వాళ్ళు గోడకున్న రేకు కోసి ఇద్దర్నీ బయటికి లాగారు. మళ్ళీ వానలు దగ్గరికొచ్చాయి. అందుకే లూర్దెస్ తెగించింది.

ఇదంతా తల్లికి చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. తప్పు చేసినదాని గొంతులోంచి న్యాయం కూడా సరిగ్గా పలకదు.

"నీ అన్ననీ చెల్లెల్నీ పిలువు," అంది ఆర్సేనియా. "వాళ్ళ మొహం చూసి చెప్పు, ఏం చేశావో."

*

అన్న డెల్ఫిన్ ఉండేది పక్క వీధిలోనే. కబురు అందగానే పొట్ట ముందూ తాను వెనకా వచ్చేశాడు. వస్తూనే గుమ్మం ముందు పేవ్‌మెంటు మీద వరసగా పెట్టిన గోనెలు చూశాడు. మున్సిపాలిటీ లారీ వచ్చే రోజని లూర్దెస్ వాటిని పొద్దున్నే కిందికి దించి పెట్టింది. ఒక గోనె చిరుగులోంచి బూట్లు కుట్టే చెక్క పాదం బొటనవేలు బయటికి పెట్టి చూస్తోంది.

అంతే, అతను ఒంటికాలి మీద లేచాడు. ఆ చెక్క పాదాలు తన దుకాణంవి. దుకాణం మూతపడి ఎన్నేళ్ళయినా మళ్ళీ తెరుస్తానని చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆ మాట మీద నమ్మకం లేక అతని భార్య వాటిని తన ఇంటి గడప తొక్కనివ్వలేదు. అందుకని అమ్మ ఇంటికి చేర్చాడు. అమ్మ మేడ మీద పెట్టించింది. అందరి వస్తువులూ అలాగే వచ్చి చేరాయి. వదిలించుకోలేనివీ, ఇంట్లో ఉంచుకోలేనివీ అన్నీ తెచ్చి ఆ గదిలో పడేసి, నెత్తి మీద బరువు దించుకుని పోయేవాళ్ళు. ఆ బరువు కింద బతికింది లూర్దెస్ ఒక్కతే. కింది గదిలో కుట్టుమిషను పక్కన, ఇంకా కుట్టాల్సిన బూటు పైతోళ్ళ దొంతరల మధ్య చాప పరుచుకుని పడుకునేది.

చెల్లెలు నేనిటా కైంతా ఊరి నుంచి జీప్నీ బండి ఎక్కి వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ వీధిలోనే అరుచుకుంటున్నారు. ఎదురింటి సెబియా కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"అక్కా, ఇదేమిటి?" నేనిటా ఒక గోనెలోంచి కానుక కాగితం చుట్టిన పెట్టె బయటికి లాగింది. కాగితం మీద వెండి గంటల బొమ్మలు వెలిసిపోయాయి. "ఇది నా పెళ్ళి కానుక."

"అందులో ఏముందో చెప్పు, ఇచ్చేస్తా," అంది లూర్దెస్.

నేనిటా పెట్టె వంక చూసింది. ఊపి చూడబోయి, అక్క చూస్తోందని ఆగిపోయింది.

"నీ కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఈ పెట్టె ఇంకా విప్పలేదు. దీనికోసం నేనూ అమ్మా నీళ్ళలో చావబోయాం."

అలా అంటావేమిటని నేనిటా కళ్ళు తుడుచుకుంది. తను ఇంటికి దూరంగా ఉన్నది కనుకే ఈ ఇంట్లో తనది అంటూ ఏదో ఒకటి ఉండాలని అమ్మ దగ్గర పెట్టానంది. ఆ మాట వినడానికి ఎంత బాగున్నా లూర్దెస్‌కి ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో నాది అంటూ ఏముందో చూపించు అని అడిగింది. ఎవరూ చూపించలేదు.

డెల్ఫిన్ మాట మార్చాడు. చెక్క పాదాలు పోతే పోనీ, పెట్టెలు పోతే పోనీ, పేగుల సంగతేమిటన్నాడు.

"అమ్మ ముడేసి దాచింది. నువ్వు తీసుకెళ్ళి చెత్తలో కలిపావు. తోడబుట్టినది చేసే పనేనా ఇది? రేపు నాకూ నేనిటాకూ పడకపోతే ఆ పాపం నీది. నాకేమైనా అయితే నీది. మా ఇద్దరి పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే అదీ నీదే."

లూర్దెస్ గోనెల ముందు చతికిలపడి మొదటిదాని మూతి తాడు విప్పింది.

*

లారీ వచ్చేలోగా దొరకాలి. నలుగురూ తలో గోనె ముందు వేసుకున్నారు. ఆర్సేనియా కూడా లంగా ఎగదోపుకుని గట్టు మీద కూర్చుంది. పారేసినవన్నీ మళ్ళీ పేవ్‌మెంటు మీదికి వచ్చాయి. తీసిన ప్రతిదాన్నీ ఆవిడ ఒళ్ళోకి లాక్కుని, ఇదీ పారేశావా అని అడుగుతూనే ఉంది. కాసేపటికి ఆవిడ ఒళ్ళో ఒక చిన్న కొట్టు పెట్టుకునేంత సామాను చేరింది.

లూర్దెస్ ఆ గొడవ వినడం మానేసింది. ఆమెకు భయం పట్టుకుంది. మామూలుగా ఇలాంటి నమ్మకాలను చూసి నవ్వే మనిషే. అయినా ఇప్పుడు ప్రతి డబ్బా మూతా తీసి చూస్తోంది. తనకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ముసలిదైతే చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఇద్దరే. కోపంలో ఎన్ని అన్నా ఈ ఇద్దరినీ తనకు కట్టి ఉంచింది అమ్మ వేసిన ఆ ముడే అని లోపల ఎక్కడో నమ్ముతూనే ఉంది. ఆ ముడిని తన చేత్తోనే చెత్తలో వేసింది.

డబ్బా ఆమెకే దొరికింది.

మూత బిగిసిపోయింది. గోళ్ళతో పెకలించి తీసింది. పైన బొత్తాలు, వాటి కింద అమ్మ పాత లేసు రుమాలు. రుమాలు మడత విప్పితే తెల్లదారంతో కట్టిన నల్లటి ముక్కలు కనిపించాయి. ఎండిపోయిన అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. లూర్దెస్ గట్టిగా ఊపిరి వదిలింది. కృతజ్ఞతతో శిలువ గుర్తు వేసుకోబోయింది.

రెండే ఉన్నాయి.

రుమాలు దులిపింది. బొత్తాలు గుమ్మరించింది. డబ్బా బోర్లించి అడుగు మీద తట్టింది. ఏమీ రాలలేదు.

"ఒకటి పడిపోయింది," అంది. "నా చేతిలోనే పడిపోయి ఉంటుంది. గోనెలో ఉంటుంది. ఆగండి, ఎవరూ తొక్కకండి."

గోనె మొత్తం తిరగేసింది. మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ములో వేళ్ళు పెట్టి వెతికింది. ప్రతి బొత్తాన్నీ పక్కకు తోసింది. ఎండు ఆకు కనిపిస్తే తీసి చూసింది, పురుగు కనిపిస్తే కూడా తీసి చూసింది. తన వల్లే పోయిందని అంది, క్షమించమ్మా అంది. ఎవరిది పోయిందో చెప్పమ్మా, అన్నయ్యదా, చెల్లిదా అని అడిగింది.

చాలాసేపటికి గాని ఆమెకు తెలియలేదు, వెతుకుతున్నది తానొక్కతే అని.

తలెత్తి చూసింది. డెల్ఫిన్ గోడకానుకుని వీధి చివరకు చూస్తున్నాడు. నేనిటా పెళ్ళి కానుక పెట్టె మీద ఊడిన కాగితాన్ని మళ్ళీ అతికిస్తోంది. ఇంతసేపూ అరిచినవాళ్ళిద్దరి నోళ్ళూ ఒక్కసారే పడిపోయాయి.

"మీరు వెతకరేం?"



"దొరికింది కదా," అంది ఆర్సేనియా. ఒళ్ళో సామాను దించి లేచి, చెయ్యి చాపింది. "ఇటివ్వు. లోపలికి పదండి. ఊరంతా చూస్తోంది."

"ఒకటి తక్కువుంది అంటున్నానమ్మా."

"ఏదీ పోలేదు. ఇవ్వమంటున్నాను."

లూర్దెస్ ఇవ్వలేదు. రుమాలు గుప్పిట్లో పట్టుకుని లేచి నిలబడింది. ఇద్దరు పిల్లల పేగులు గుప్పిట్లో ఉన్నాయి. ఏదీ పోలేదని తల్లి అంటోంది. లెక్క కష్టమైనదేం కాదు.

"నాది ఎక్కడుంది?"

*

ఇంట్లోకి వచ్చాక కూడా ఆర్సేనియా వెంటనే చెప్పలేదు. నీళ్ళు తాగింది. చెప్పులు విప్పి గోడ వారగా పెట్టింది. మాత పటం ముందు ఒత్తి వెలిగించబోయి అగ్గిపెట్టె దొరక్క వదిలేసింది. లూర్దెస్ సర్దిన ఇల్లు కదా, అగ్గిపెట్టె ఇప్పుడు ఉండాల్సిన చోట ఉంది. ఆవిడకు అది ఎక్కడో తెలియదు.

చెప్పింది నేనిటా. చెప్పాలని చెప్పలేదు, అక్క తన వంక చూస్తుంటే ఆగలేక కళ్ళు మెట్ల వైపు తిప్పింది. కింది మెట్టు పక్కన, గుంజ మొదట్లో.

అక్కడ ఇప్పుడు సిమెంటు నేల. ఒకప్పుడు మట్టి నేల.

"ఎప్పుడు?" అంది లూర్దెస్.

"నువ్వు దవావో వెళ్తానన్న ఏడు," అంది తల్లి.

ఆ ఏడు లూర్దెస్ మర్చిపోయేది కాదు. తోలు కోసే పనివాడు సెలెస్తినో సముద్రం అవతల దవావోలో సొంతంగా దుకాణం పెడుతున్నాడు. తనతో రమ్మన్నాడు. పెళ్ళి చేసుకుందామన్నాడు. ఓడకు టిక్కెట్టు తీసుకున్నాడు, లూర్దెస్ పెట్టె కూడా సర్దుకుంది. ఆ వారంలోనే నాన్న పనిబల్ల మీదే పడిపోయి కుడి చెయ్యి చచ్చుబడింది. నాన్న కోలుకునేదాకా ఆగుతానని లూర్దెస్ చెప్పింది. నాన్న కోలుకోలేదు, చాలా ఏళ్ళు బతికాడు. సెలెస్తినో చూసి చూసి అక్కడే ఒకామెను కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు ఏడుపొచ్చినా లూర్దెస్ తనకు తాను ఒకటే చెప్పుకునేది, ఎవరూ ఆపలేదు, నేనే ఉండిపోయాను అని. ఇంట్లో ఆమెకంటూ వేరే ఏమీ లేదు. ఆ గర్వమొక్కటే ఆమె సొంతం.

"నాన్న పడిపోకముందా, పడిపోయాకా?"

తల్లి మొహం మాత పటం వైపు తిప్పుకుంది. అంటే ముందే.

"ముడిలోంచి నాది కోసి తీశావు."

"తీశాను. ఇంటి గుంజ కింద పాతిపెడితే బిడ్డ ఇల్లు విడిచి పోదని మా అమ్మ చెప్పింది. పెద్దాడు పెళ్ళాం మాట వింటున్నాడు. చిన్నది చదువుకుని పోయే పిల్ల. వాళ్ళిద్దరూ కలిసుంటే చాలనుకున్నాను. నాకు ఒక్కరు కావాలి. నువ్వు చెప్పిన మాట వింటావు."

"అడిగితే ఉండేదాన్ని కదమ్మా."

"అడిగితే వెళ్ళిపోయేదానివి." ఆర్సేనియా గొంతులో భయం లేదు, సిగ్గు అంతకంటే లేదు. "నువ్వు నన్నడిగి గది ఖాళీ చేశావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. లూర్దెస్ అన్న వంక తిరిగింది.

"గొయ్యి ఎవరు తీశారు?"

డెల్ఫిన్ నీళ్ళు నమిలాడు. అమ్మ చెప్పింది, తీశానన్నాడు. నేల సిమెంటు చేయించినప్పుడు పైకి తీద్దామా అని అడిగాననీ, అమ్మే వద్దందనీ చెప్పాడు. ఎంత నెమ్మదిగా చెప్పినా ఆ గదిలో అది పెద్దగా వినిపించింది. అప్పుడు నేను పిల్లదాన్ని అంది నేనిటా, ఎవరూ అడక్కుండానే.

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుకోవడం లూర్దూ," అన్నాడు డెల్ఫిన్. "పాతకాలం నమ్మకాలు. ఎండిపోయిన ముక్క మనిషిని ఆపుతుందా ఎక్కడైనా?"

లూర్దెస్ అతని వంక చూసింది. అంత కోపం ఆమెకు జన్మలో రాలేదు. వచ్చాక మాత్రం గొంతు పెరగలేదు.

"ఇందాక వీధిలో నిలబడి నన్ను పాపిష్టిదాన్ని చేశావు. మీ పేగులు పోతే మీ పిల్లలు విడిపోతారన్నావు. అవి మీవి కాబట్టి నిజం. గుంజ కింద ఉన్నది నాది కాబట్టి పాతకాలం నమ్మకం. అంతేనా అన్నయ్యా?"

డెల్ఫిన్ నేనిటా వంక చూశాడు.

"నిజమైతే మీ ముగ్గురూ కలిసి నా బతుకు పాతిపెట్టారు. అబద్ధమైతే నన్ను నమ్మలేదు. ఏదైనా నాకొకటే. రేపటి నుంచి అమ్మను ఎవరింట్లో ఉంచుకుంటారో తేల్చుకోండి. నేను వెళ్తున్నాను."

ఆర్సేనియా వెళ్ళి కింది మెట్టు మీద కూర్చుంది. రెండు కాళ్ళూ గుంజ మొదట్లో ఆనించింది. పైకి తీస్తే కదా వెళ్ళేది అంది. తియ్యకపోయినా వెళ్తానంది లూర్దెస్. ఎక్కడికి వెళ్తావని తల్లి అడగలేదు, కూతురు చెప్పలేదు. అసలు అది లూర్దెస్‌కే తెలియదు.

ఈ మధ్యలో డెల్ఫిన్ గొంతు సవరించుకున్నాడు. లూర్దెస్ కోపంలో అన్న మాటను అన్నా చెల్లెలూ ఇద్దరూ అప్పుడే నిజంగా తీసుకున్నారని దాంతో తేలిపోయింది. తన ఇంట్లో అత్తగారు ఇదివరకే మంచంలో ఉందని చెప్పాడు. నేనిటా వాళ్ళది కొత్త ఇల్లు, ఎత్తు మీద ఉంది, అమ్మకు అదే మంచిదన్నాడు.

నేనిటా పెట్టె కింద పెట్టింది. పెద్దకొడుకు బతికుండగా తల్లిని అల్లుడింటికి పంపితే ఊరేమంటుందని అడిగింది. ఊరికి భయపడేదానివైతే నెలకోసారైనా వచ్చి చూసేదానివి అన్నాడు డెల్ఫిన్. పక్క వీధిలో ఉండి నువ్వెన్నిసార్లు వచ్చావంది నేనిటా. వదిన ఒప్పుకోదని చెప్పు, అన్నీ అత్తగారి నెత్తిన రుద్దకు అంది. అన్న ఆమె మొగుడి పేరెత్తాడు. ఆమె అతని తాగుడు సంగతెత్తింది. ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వలేదు. అమ్మ మాత్రం ఎవరి మాటలోనూ అమ్మగా లేదు. ఇద్దరూ అటూ ఇటూ తోసుకుంటున్న బరువైపోయింది.

ఒకే దారంతో కట్టిన ఇద్దరు పిల్లల్నీ ఆర్సేనియా మెట్టు మీద కూర్చుని విన్నది. మొదట వాళ్ళ మొహాల వంక చూసింది. తర్వాత నేల వంక చూసింది. ఆవిడ దవడ ఒకసారి బిగుసుకుంది.

గుంజ పట్టుకుని లేచింది. లూర్దెస్ అలవాటు కొద్దీ మోచెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"డెల్ఫిన్, గడ్డపార తీసుకురా," అంది. "పాతినవాడివి నువ్వే, పగలగొట్టేదీ నువ్వే. నా కళ్ళ ముందే తీసి దాని చేతిలో పెట్టు."

డెల్ఫిన్ కదల్లేదు. వీధిలో లారీ ఆగిన చప్పుడైంది, గోనెలు ఎత్తాలా వద్దా అని ఎవరో కేకేసి అడుగుతున్నారు. ఆర్సేనియా మెట్టు మీంచి పూర్తిగా పక్కకు జరిగి, కూతురికి దారి వదిలి నిలబడింది.